మా లైబ్రరీ పిల్లల గది: పన్నెండు వారాల పని డైరీ

మొదటి వారం

పిల్లల విభాగాన్ని బాగుచేసే పని నాకప్పగించారని ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే, గోడలకి ఏం రంగు వేయిస్తున్నారు అని. అబద్ధమెందుకు, నేనూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. గోడ మీద ఏనుగు, చెట్టు ఆకారంలో ర్యాక్, నేల మీద గుండ్రటి చాపలు, అన్నీ నోట్‌బుక్‌లో గీసుకుని మా లైబ్రేరియన్ గారి ముందు పెడితే ఆయన ఓపిగ్గా పేజీలన్నీ తిప్పి, "బాగుంది గానీ, ముందు ఒక వారం ఆ గదిలో ఊరికే కూర్చోండి. ఏమీ సర్దకండి, ఎవరికీ ఏమీ చెప్పకండి, చూడండి చాలు" అన్నారు. మొహం మాడ్చుకునే కూర్చున్నాను.

గది ప్లాన్ ఒకటి గీసి జిరాక్స్‌లు తీయించాను. అరగంటకోసారి ఎవరెక్కడున్నారో చుక్క పెట్టడం, అంతే. అయిదేళ్ళ లోపువాళ్ళకి ఎరుపు, పదేళ్ళ దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ, పెద్దవాళ్ళకి నలుపు. మూడో రోజుకి నా ఏనుగు సంగతి నేనే మర్చిపోయాను. పై రెండు అరల ముందు ఒక్క చుక్కా లేదు. కిటికీ పక్కన కాలు ఊగే పాత బల్ల చుట్టూ మాత్రం చుక్కల గుంపు, వెలుతురు అక్కడే బాగుంటుంది మరి. నల్ల చుక్కలన్నీ గుమ్మం బయటే. లోపల పెద్దవాళ్ళు కూర్చోగలిగే కుర్చీ ఒక్కటి లేదు, పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, కాబట్టి అమ్మానాన్నలు పది నిమిషాలు నిలబడి "ఇంక పద పద" అంటున్నారు. పిల్లలకి ఆసక్తి లేక తొందరగా వెళ్ళిపోతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాం, తీరా చూస్తే తీసుకొచ్చినవాళ్ళ కాళ్ళ నొప్పులు.

ఇంకోటి కూడా రాసుకున్నాను. వారం మొత్తంలో కౌంటర్ దాకా వచ్చి ఏదైనా అడిగిన పిల్లలు ఇద్దరు, ఆ ఇద్దరూ అడిగింది బాత్రూమ్ ఎక్కడని. పెద్దవాళ్ళు ఫలానా పుస్తకం ఉందా అని అడుగుతారు, పిల్లలు అడగరు, కనబడకపోతే లేదనుకుని పోతారు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాలు నేను పరీక్ష కోసం బట్టీ పట్టినవే. అందులో నాలుగోది పాఠకుల సమయం ఆదా చెయ్యమంటుంది. మూడడుగుల పాఠకులకి కూడా సమయం ఉంటుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

రెండో వారం

కొత్తవి కొనే ముందు ఉన్నవాటిలో కొన్ని తీసేయాలన్నాను, అందరూ నన్ను పుస్తకాల దొంగని చూసినట్టు చూశారు. కానీ అరలు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, పిల్లాడు ఒక పుస్తకం లాగితే మూడొస్తాయి, వాటిని తిరిగి దూర్చడం వాడి వల్ల కాదు, నేల మీద వదిలేస్తాడు, మేం తిడతాం.

టెక్సాస్ రాష్ట్ర గ్రంథాలయం వాళ్ళ క్రూ అనే పద్ధతి ఒకటుంది. పుస్తకం తీసేయడానికి ఆరు కారణాలు చెబుతుంది: తప్పు సమాచారం ఇస్తున్నది, చిరిగి మాసిపోయినది, అంతకంటే మంచిది వచ్చేసినది, పస లేనిది, మన పాఠకులకి సంబంధం లేనిది, వేరేచోట సులువుగా దొరికేది. పిల్లల దగ్గర మొదటి కారణం చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్ళు అచ్చులో ఉన్నదాన్ని నమ్ముతారు. గ్రహాల మీద పుస్తకాలన్నీ కింద పరిస్తే సగానికి పైగా వాటిలో తొమ్మిది గ్రహాలే ఉన్నాయి. ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది 2006లో. ఒక పుస్తకంలో ఎవరో పెన్సిల్‌తో ప్లూటో మీద ఇంటూ కొట్టి ఉంచారు. లైబ్రరీ పుస్తకంలో రాయకూడదన్నది మా నియమమే, కానీ తప్పు దిద్దింది ఆ పిల్లలే, మేం కాదు.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. అట్ట ఊడిపోయి, మూలలు నలిగి, మధ్యలో ఏదో మరక పడిన ఒక బొమ్మల పుస్తకాన్ని చూడగానే మూటలో పడేశాను. మర్నాడు ఒక పాప సరిగ్గా అది ఉండే చోటికి వచ్చి నిలబడి, అర ఖాళీగా ఉంటే కింద వంగి, వెనక్కి చేయి పెట్టి వెతికింది. ఏమీ అడగలేదు (అడగరని రాశాను కదా). మూట ఇంకా గదిలోనే ఉండటం నా అదృష్టం. వెనకున్న గడువు చీటీ చూస్తే తేదీ ముద్రలతో రెండు వైపులా నిండిపోయి ఉంది. చదివి చదివి చిరిగినది వేరు, పడి ఉండి పాడైనది వేరు. అప్పట్నుంచి చీటీ చూడకుండా ఏదీ తీసేయకూడదని పెట్టుకున్నాం, ముద్రలు నిండుగా ఉంటే కొత్త కాపీ కొనాల్సిన జాబితాలోకి వెళ్తుంది.

మూడు, నాలుగు వారాలు

జాగా దొరికింది కాబట్టి సగం అరల్లో పుస్తకాల్ని అట్ట ఎదురుగా కనబడేలా నిలబెట్టాం. మామూలుగా పేర్చితే కనబడేది సన్నటి పక్క పట్టీ, దాని మీద పేరు. పేరు చదివి ఎంచుకోవాలంటే ముందు చదవడం రావాలి, అది నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకి ఎలా కుదురుతుంది? అట్ట ముందుకి పెడితే పన్నెండు పట్టే చోట మూడో నాలుగో పడతాయి, ఎవరో తీసుకెళ్ళగానే ఆ చోటు బోసిగా కనబడుతుంది, రోజూ సాయంత్రం నింపాలి. ఈ పని ఫలానా వాళ్ళదని పేరు రాసి గోడకి అంటించకపోతే వారానికి ఆగిపోతుంది. మాకు ఆరో రోజుకే ఆగిపోయింది.

పై రెండు అరలూ ఊడదీయించాం. అంతకంటే ముందు చేయాల్సిన పని, ర్యాక్‌లని గోడకి బిగించడం, ఒక బాబు అరల మీద కాళ్ళు పెట్టి మెట్లలా ఎక్కబోయాక గానీ చేయలేదు. ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇది చదివి ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే రంగులూ స్టిక్కర్లూ తర్వాత, ముందు స్క్రూలు.

ఇక నంబర్ల గొడవ. విషయాన్నిబట్టి పుస్తకానికి నంబరిచ్చి, ఆ వరుసలో అరల్లో పేర్చే పద్ధతి, మెల్విల్ డ్యూయీ 1876లో వేసిన దశాంశ వర్గీకరణ, మాది కూడా. పెద్దవాళ్ళకి అలవాటైపోయింది. పిల్లవాడి వైపు నుంచి చూడండి: తోడేలు 599లో ఉంటుంది, క్షీరదం కాబట్టి. కుక్క 636లో, పెంపుడు జంతువు కాబట్టి. ఈ రెండింటి మధ్య వైద్యమూ ఇంజనీరింగూ ఉంటాయి. డైనోసార్లు 567లో శిలాజాలతో, దెయ్యాలు 133లో, జానపద కథలు 398లో. కుక్కల పుస్తకం పట్టుకున్నవాడు తోడేలు పక్కనే ఉంటుందనుకోవడంలో తప్పేముంది?

జంతువులన్నీ ఒక చోట, వాహనాలన్నీ ఒక చోట బుట్టల్లో పెడదామని నా వాదన. ఇలా అలవాటు చేస్తే రేపు పెద్దల విభాగంలోకి వెళ్ళి దారి తప్పుతారని సహోద్యోగి వాదన. రెండు రోజులు మాట్లాడుకున్నాం, చివర్లో కాస్త గట్టిగానే. ఆవిడ చెప్పిందీ సబబే. ఎనిమిదేళ్ళ లోపువాళ్ళకి బుట్టలు, మూతికి బొమ్మ స్టిక్కరు, ఆపైవాళ్ళకి డ్యూయీ వరుసే గానీ ప్రతి నంబరు పక్కనా చిన్న బొమ్మ. బుట్టలోని పుస్తకానికి కూడా నంబరు అలాగే ఉంటుంది, కేటలాగ్‌లో మాత్రం ఏ బుట్టో అదనంగా రాశాం. డైనోసార్ల బుట్ట పెట్టిన రెండో రోజు నుంచీ ఖాళీయే, ఇక ఖాళీగానే ఉంటుందని ఒప్పేసుకున్నాం.

అయిదో వారం

మొదటి కథల గంట. ఘోరంగా పోయింది.

అన్ని వయసులవాళ్ళూ రావచ్చు అని బోర్డు రాశాను, అన్ని వయసులవాళ్ళూ వచ్చారు. ఇంట్లో మూడుసార్లు చదివి గొంతులు మార్చి సాధన చేసిన కథ, పాతిక నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి ఇద్దరు బల్ల కింద దూరారు. మైకు చప్పుడుకి ఒక చంటిది ఏడుపందుకుంది. తొమ్మిదేళ్ళవాడొకడు ముగింపు ముందే చెప్పేశాడు, వాడికి నిజంగానే విసుగొచ్చింది, తప్పు పట్టలేను. ముందు వరుసలో పాప మాత్రం ఎంతో మర్యాదగా "అక్కా, అయిపోయిందా?" అంది.

ఆరో వారం

మూడు ముక్కలు చేశాం. రెండేళ్ళ లోపువాళ్ళకి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చప్పట్ల పాటలు, ఒకే ఒక్క పుస్తకం, పావుగంట. మూడు నుంచి అయిదేళ్ళవాళ్ళకి పాతిక నిమిషాలు, మధ్యలో లేచి గెంతే పాట ఒకటి. ఆరు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళకి ముప్పావు గంట, చివర్లో బొమ్మ గీయడమో కథ మార్చి చెప్పడమో. మైకు తీసేశాం.

చదివే తీరు కూడా మార్చాను. గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన తోటివాళ్ళు 1988లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. బొమ్మల పుస్తకాన్ని గడగడా చదివేయకుండా ఆగి, ప్రశ్నలడిగి, పిల్ల చెప్పిన మాటకి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెబితే పిల్లల మాట బాగా పెరుగుతుందని చూపించారు. దాన్నిబట్టి నేను పెట్టుకున్నది తేలికైన వరుస: ముందు ఇదేంటి, తర్వాత ఏం చేస్తోంది, ఆ తర్వాత ఎందుకలా చేసిందంటావు, చివరికి నీకెప్పుడైనా ఇలా అయిందా. "కుక్క" అని ఒక బాబు అంటే "అవును, తడిసిపోయిన నల్ల కుక్క" అని నేను, మళ్ళీ ఆ పేజీ వచ్చేసరికి వాడే "తడిసిపోయిన నల్ల కుక్క" అన్నాడు. పుస్తకం సగమే అయింది, ఫర్వాలేదు.

కథ చెబుతున్నది పిల్లలకి అనుకుంటాం గానీ అసలు చూడాల్సింది వెనక కూర్చున్న పెద్దవాళ్ళని. నేను వాళ్ళ పిల్లలతో ఉండేది వారానికి పాతిక నిమిషాలు, మిగతాదంతా వాళ్ళ చేతిలోనే ఉంది. అందుకని ఆఖరి అయిదు నిమిషాలు నేను చదవను, తలా ఒక పుస్తకం ఇస్తాను, ఎవరి పిల్లకి వాళ్ళు చదవాలి. మొదటిసారి ఒక నాన్నగారు సిగ్గుపడి అటూ ఇటూ చూశారు, మూడోసారికి ఆయనే సింహంలా గర్జించారు.

బ్రిటన్‌లో 1992లో బర్మింగ్‌హామ్‌లో 300 మంది పసిపిల్లల కుటుంబాలతో బుక్‌స్టార్ట్ అనే పథకం మొదలైంది, పుట్టిన కొన్ని నెలలకే ఇంటికి పుస్తకాలు ఇవ్వడం. అది చదివి మా సభ్యత్వ ఫారం తీసి చూశాను. వయసు నియమం ఏమీ లేదు గానీ బడి పేరు తప్పనిసరి గడి. అంటే నెలల పిల్లకీ కార్డు రాదు, బడికి వెళ్ళని పిల్లకీ రాదు. ఎవరూ కావాలని పెట్టింది కాదు, పాత ఫారం చూసి కొత్తది కొట్టించారు, అంతే. గడి తీసేయడానికి ఒక సంతకం పట్టింది.

ఏడో వారం

ఇన్నాళ్ళూ వచ్చేవాళ్ళ చుట్టూనే చుక్కలు పెడుతున్నాను. రానివాళ్ళకి చుక్క ఎక్కడ పెట్టాలి?

ఇష్యూ రిజిస్టరు ముందేసుకుని ఆరు నెలలుగా వాడని పిల్లల కార్డులన్నీ బయటికి తీశాను. మొత్తం 41. ఆసక్తి తగ్గి మానేశారు, పరీక్షలొచ్చాయి, ఫోన్లకి అలవాటు పడ్డారు, ఇవీ మా గదిలో ఎప్పుడూ వినబడే కారణాలు. కార్డులు వరుసగా పేర్చి ఆఖరి ఎంట్రీ చూస్తే చాలావాటిలో ఒకటే కథ: ఒక పుస్తకం తీసుకున్నారు, గడువు దాటింది, ఆ తర్వాత ఏమీ లేదు. మానేసినవాళ్ళలో ఎక్కువమంది మాకు పుస్తకం బాకీ ఉన్నారు.

పెద్దవాళ్ళకి ఫోన్ చేశాను. వసూలుకి కాదండీ అని మొదటి వాక్యంలోనే చెప్పాల్సి వచ్చింది, లేకపోతే పెట్టేస్తున్నారు. ఒకావిడ, పుస్తకం పోయిన సంగతి పిల్ల ఇంట్లో కూడా చెప్పలేదని, నేను చెప్తుంటేనే తెలిసిందని కంగారుపడ్డారు. ఒక ఇంట్లో చిన్నవాడు పేజీలు చింపితే పెద్దది పుస్తకాన్ని మంచం పరుపు కింద దాచింది. ఒకాయన మాత్రం సూటిగా అన్నారు, "మీ ఫైను రోజురోజుకీ పెరుగుతూ పోతుంది కదమ్మా, ఆలస్యం అయ్యేకొద్దీ రావాలంటే ఇంకా భయం." ఆ మాట అలాగే రాసుకున్నాను. ఆలస్యమైనవాళ్ళని తొందరగా రప్పించడానికి పెట్టిన ఏర్పాటు, ఎంత ఆలస్యమైతే అంత దూరం తోస్తోంది.

పిల్లలకి ఫైను డబ్బు లెక్క కాదు. తిట్టు. పైగా పుస్తకం ఆలస్యం అవడం చాలాసార్లు వాళ్ళ చేతిలో కూడా లేదు, తీసుకొచ్చే పెద్దవాళ్ళకి తీరిక దొరకాలి.

ఎనిమిదో వారం

కమిటీ మీటింగ్, టెన్షన్. ఫైను లేకపోతే పుస్తకాలు ఎవరు తిరిగి తెస్తారని మొదటి ప్రశ్నే వచ్చింది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల పబ్లిక్ లైబ్రరీలు 2019లో ఆలస్యపు ఫైన్లు ఎత్తేసిన సంగతి చెప్పాను, అదే ఏడాది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ డబ్బు రూపంలో ఫైన్లు సామాజిక అసమానతకి దారితీస్తాయని తీర్మానం చేసిందనీ చెప్పాను. అందరూ తలలూపారు, ఎవరూ మారలేదు. ఎక్కడో పెద్ద ఊళ్ళ సంగతి మనకెందుకన్నట్టు.

పని చేసింది మా రిజిస్టరే. ఫైను కట్టినవాళ్ళ పేర్లు ఒక వైపు, కట్టనివాళ్ళవి ఒక వైపు రాసి పెట్టాను. కట్టినవాళ్ళు ఎలాగూ రోజూ వచ్చేవాళ్ళే, రెండు రోజులు ఆలస్యమైతే కట్టేసి ఇంకో పుస్తకం పట్టుకెళ్తారు. కట్టనివాళ్ళ దగ్గర్నుంచి ఫైనూ రాలేదు, పుస్తకమూ రాలేదు, పిల్లా రాలేదు. ఆ కాగితం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది, కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

లెక్కలు చూసే ఆయన లేవనెత్తిన విషయం మాత్రం నేను ఆలోచించనిది. పోయిన పుస్తకాన్ని స్టాక్ రిజిస్టర్లోంచి పద్ధతిగా తీసేయకపోతే తనిఖీలో ఆ లోటు ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటుంది, ఆ భయంతోనే కౌంటర్లో వాళ్ళు పిల్లల మీద కఠినంగా ఉంటున్నారు. కాబట్టి పోయిన పుస్తకాలకి వేరే రిజిస్టరు, మూడు నెలలకోసారి కమిటీ సంతకం. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళకి రోజువారీ ఫైను లేదు. పుస్తకం పోతే అదే పుస్తకమో, అలాంటిదే ఇంకొకటో ఇవ్వచ్చు, కుదరకపోతే మూడు సాయంత్రాలు వచ్చి పుస్తకాలకి అట్టలు వేయడంలో సాయం చేస్తే చాలు.

41 ఇళ్ళకీ కార్డు రాశాం. పిల్లల పేరు మీదే రాశాం, పెద్దవాళ్ళ పేరు మీద కాదు: "నీ కార్డు ఇంకా ఉంది. ఫైను లేదు. పుస్తకం దొరక్కపోయినా రా." నెల తిరిగేసరికి 17 పుస్తకాలు వచ్చాయి, పరుపు కింద దాచినది కూడా, చిరిగిన పేజీలకి టేపు వేసి. పుస్తకాలు వచ్చినంతగా పిల్లలు రాలేదు, తొమ్మిది మందే వచ్చారు, మిగతావి అమ్మల చేతో అన్నల చేతో పంపించారు. అట్టలు వేయడానికి వచ్చిన ఇద్దరు మూడు సాయంత్రాలు అయిపోయినా మానలేదు, జిగురు డబ్బా ఎక్కడుంటుందో ఇప్పుడు నన్ను వాళ్ళనడగమంటున్నారు.

తొమ్మిదో వారం

ఆకుపచ్చ చుక్కల గురించి. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా వాళ్ళు 2018లో సవరించిన మార్గదర్శకాలు పిల్లలంటే పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా అంటాయి, మా గది మాత్రం తొమ్మిదేళ్ళకే అయిపోతుంది. పదకొండేళ్ళవాడికి ఇక్కడ కుర్చీలు పొట్టి, పెద్దల గదిలోకి వెళ్తే "ఇక్కడేం పని" అంటారు. పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ళ మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో ఉంది, 1989 నాటిది. సరే అని అయిదుగురిని కూర్చోబెట్టి అడిగాను.

మొదటి జవాబు: "మీరు మా వెనకాల నిలబడకండి." రెండోది, ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకి బహుమతి అని మేం గొప్పగా పెట్టిన పోటీ ఆపేయమన్నారు. ఎందుకంటే అందరూ సన్న పుస్తకాలు వెతుక్కుని తీసుకుంటున్నారట, తమకి ఇష్టమైన లావు పుస్తకం పట్టుకుంటే ఓడిపోతారట. ఆ పోటీ పెట్టింది నేనే. ఆపేశాను. దాని బదులు ఒక అర వాళ్ళకిచ్చాం, ఏ పుస్తకాలుండాలో వాళ్ళే చూసుకుంటారు, ప్రతి పుస్తకంలో ఎందుకు చదవాలో చీటీ రాసి పెడతారు. ఒక చీటీలో "మొదటి 30 పేజీలు బోరు, ఓపిక పట్టు" అని ఉంది. ఆ పుస్తకం మొత్తం ఏడాదిలో రెండుసార్లు కదిలింది, చీటీ పెట్టాక అరలో నిలవడం లేదు.

పదో వారం

పత్రికలు చదివే పెద్దాయనలు గోల ఎక్కువైందని ఫిర్యాదు చేశారు, న్యాయమే. కథల సమయాలు వాళ్ళ హాలు తలుపు మీద ముందే అంటించాం, ర్యాక్ ఒకటి అడ్డంగా జరిపితే చప్పుడు కొంచెం తగ్గింది. ఒక పెద్దాయన ఇప్పుడు ఆ సమయానికే వస్తున్నారు, పేపరు చేతిలో ఉంటుంది గానీ పేజీ తిప్పరు.

చూపు తక్కువున్న ఒక పాప కోసం పెద్ద అక్షరాల పుస్తకాలు వెతికితే మా దగ్గర ఉన్నవి మూడే. అలాంటి పాఠకులకి చదవగలిగే రూపంలో ప్రతులు తయారుచేసుకోవడానికి కాపీరైట్ అడ్డురాకుండా 2013లో మరకేష్ ఒప్పందం వచ్చింది. ఆ పని చేసే సంస్థలతో కలిసి చేయాలి, ఇంకా మొదలుపెట్టలేదు.

పన్నెండో వారం

మళ్ళీ చుక్కలు, అదే ప్లాను, అవే రంగులు. నల్ల చుక్కలు లోపలికొచ్చాయి, నాలుగు పెద్ద కుర్చీలు వేశాం అంతే, మొత్తం పనిలో అన్నింటికంటే తేలిగ్గా అయినది అది. ఇదివరకు పది నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళకి ఇప్పుడు రెండు మూడు కాగితాల్లో చుక్కలు పడుతున్నాయి. కిటికీ పక్క గుంపు అలాగే ఉంది, బల్ల కాలు బాగుచేయించాం. కౌంటర్ దగ్గర ప్రశ్నలు ఇంకా తక్కువే, కానీ నేను కౌంటర్ వదిలి బుట్టల దగ్గర కూర్చుంటే అడుగుతున్నారు.

ఈసారి పన్నెండు వారాల కాగితాలన్నీ గంటలవారీగా పేర్చి చూశాను, మొదటి వారమే చూడాల్సింది. మధ్యాహ్నమంతా ఒక్క చుక్కా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకి ఒక్కసారిగా నిండుతుంది. అయిదింటికి గది మూసేస్తాం. బడి అయ్యాక వాళ్ళకి మేం ఇస్తున్నది అరగంట. మధ్యాహ్నం రెండు గంటలు మూసి సాయంత్రం ఏడింటి దాకా తెరుద్దామని ప్రతిపాదన రాసిచ్చాను, ఎవరు ఏ రోజు ఉండగలరో డ్యూటీ చార్టుతో సహా. సహోద్యోగి, డ్యూయీ దగ్గర నాతో గొడవపడ్డావిడే, రెండు సాయంత్రాలు తను ఉంటానంది. ఫైలు పోయిన గురువారం పైకి వెళ్ళింది, సోమవారం ఫోన్ చేసి కనుక్కోవాలి. గోడలకి రంగు వేయలేదు.